మలుపు కాసినవాడు

ఆ గుంపులో చేరడానికి పద్ధతంటూ ఏదీ లేదు. కళ్ళజోళ్ళ దుకాణం మనిషికి మొదట్లో అదే నచ్చింది, తరవాత అదే ప్రాణం తీసింది. చందా లేదు, సంతకం లేదు, సంఘానికో పేరైనా లేదు. ఆదివారం పొద్దున్నే పెట్రోలు బంకు వెనక గోడ పక్కన మోటారు సైకిళ్ళు వచ్చి ఆగుతాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, రానివాళ్ళు రానట్టు. అతను మొదటిసారి వెళ్ళినప్పుడు, ముందుండి నడిపే ప్లైవుడ్ కొట్టాయన్ని పట్టుకుని, చేరాలంటే ఏం చెయ్యాలండీ అని అడిగాడు. ఆయన అతని బండి టైర్లకేసి ఓసారి చూసి, "చేరేదేముంది, వచ్చావుగా" అన్నాడు.

తలుపున్న ఇల్లయితే తట్టొచ్చు. తియ్యకపోతే తిట్టుకుంటూ వెనక్కి పోవచ్చు. తలుపే లేని చోట, తను లోపలున్నాడో బయటున్నాడో మనిషికి ఎవరు చెప్పాలి? చలి పోయి ఎండలు ముదిరినా అతనికి ఆ సంగతి తేలలేదు.

ఒక్క గుర్తు మాత్రం ఉంది. అక్కడ ఎవరినీ అసలు పేరుతో పిలవరు. ప్లైవుడ్ కొట్టాయన పేరు ఇండికేటర్. ఎప్పుడో కుడివైపు దీపం ఆర్పడం మరిచిపోయి, దారి పొడుగునా కుడికి తిరుగుతానని లోకాన్ని బెదిరిస్తూ పోయాడట. సైడు స్టాండు ఎత్తకుండా బయల్దేరి మొదటి మలుపులోనే నేల కరిచిన టైలరు పేరు స్టాండు. తాళంచెవి పోయిందని అందరిచేతా గుట్టంతా వెతికించి, చివరికి అది బండికే వేలాడుతుంటే చూసి నాలిక్కరుచుకున్న బ్యాంకు గుమాస్తా పేరు తాళం. ఈ పేర్లు ఎవరూ కూర్చుని పెట్టినవి కావు. పండు రాలినట్టు ఒకరోజు వాటంతటవే రాల్తాయి. రాలేదాకా ఎవరైనా కొత్తే. కొత్తా, ఇటు రా. కొత్తా, ఆ స్పానరందుకో.

అతని చిక్కంతా ఏమిటంటే, అతను తప్పులు చెయ్యడు. అద్దం చుక్కంత పక్కకి కూర్చున్నా మనిషికి తలనొప్పి పట్టుకునే వృత్తిలో ఇరవై ఏళ్ళు బతికినవాడికి, స్టాండు ఎత్తడం ఎలా మరుపొస్తుంది? పొద్దున్నే గాలి చూసుకుంటాడు, నూనె చూసుకుంటాడు, చైను వేలితో నొక్కి చూసుకుంటాడు. మిగతావాళ్ళు దారిలో ఆగినచోట టీ గ్లాసులు చేతుల్లో పెట్టుకుని వాళ్ళ పాత తప్పుల్ని చెప్పుకుని చెప్పుకుని నవ్వుతుంటే, అతను కుక్కిన పేనులా కూర్చునేవాడు. అతని దగ్గర చెప్పుకోడానికి ఏమీ లేదు.

ఓపిక పట్టాడు. పట్టి పట్టి, చివరికి సిగ్గు విడిచి, కావాలనే తప్పు చెయ్యడానికి చూశాడు. స్టాండు దించి గేరు వేస్తే, అతనిది కొత్త రకం బండి, ఇంజనే ఆగిపోయింది. హెల్మెట్టు టీ కొట్లో వదిలేసి వస్తే తాళం వెనకనుంచి వచ్చి, ఒక్క మాటా అనకుండా చేతికిచ్చి పోయాడు. ఇండికేటరు ఆర్పకుండా వదిలేశాడు గానీ, ఆ పేరు ఎలాగూ ఒకరికి పోయింది.

ఈలోగా గొడుగు వచ్చాడు. గొడుగు అంటే మందుల షాపులో పనిచేసే కుర్రాడు, మొన్న మొన్న బండి కొన్నాడు. మొదటిరోజే హ్యాండిలుకి ఓ నల్లగొడుగు తగిలించుకు వచ్చాడు, ఎందుకైనా మంచిదని వాళ్ళమ్మ ఇచ్చిందట. "ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని చూశాం గానీ, బండెక్కి గొడుగు పట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం" అన్నాడు స్టాండు. టీ పూర్తయ్యేసరికి వాడు గొడుగైపోయాడు. ఒక్క పూటలో. కళ్ళజోళ్ళ మనిషి కూడా అందరితోపాటు నవ్వాడు. నవ్వు గొంతు దిగాక చేదుగా అనిపించింది.

ఇంట్లో ఈ మాట చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా ఓ రాత్రి భోజనాల దగ్గర, వాళ్ళు నన్నింకా కొత్తా అనే పిలుస్తున్నారు అన్నాడు, ఏదో వేళాకోళంలా. భార్య మంచినీళ్ళు వంచుతూ, "మీరెక్కడికెళ్ళినా పెళ్ళిలో ఫొటోలు తీసేవాడి బాపతేనండీ. అన్ని చోట్లా ఉంటారు, ఒక్క ఫొటోలోనూ ఉండరు" అంది. ఆవిడకి అది జోకు. అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే అది నిజమని అతనికి తెలుసు. కళ్ళు పరీక్ష చేసే చీకటి గదిలో జనం గడ్డం యంత్రం కమ్మీ మీద ఆనించి, అతని మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి కూర్చుంటారు. వాళ్ళ పెళ్ళాం పిల్లలు కూడా అంత దగ్గరగా వాళ్ళని చూసి ఉండరు. ఇది బాగుందా, ఇదా? ఇదా, ముందుదా? అని అద్దాలు మార్చి మార్చి అడుగుతూ ఉంటాడు. అంతసేపూ వాళ్ళు అతనికేసే చూస్తారు, అతన్ని చూడరు. మర్నాడు బజార్లో ఎదురైతే, ఈ మొహం ఎక్కడో చూశానే అన్నట్టు తడబడి, దాటిపోతారు. తన చేతుల్తో బిగించిన కళ్ళజోడులోంచే అతన్ని గుర్తుపట్టకుండా పోతారు. ఇంతకంటే వెటకారం ఏముంటుంది.

అందుకే అతనికో పేరు కావాలి. అతను ఎక్కడో ఏదో చేశాడనీ, దాన్ని నలుగురు చూశారనీ రుజువుగా, చవకబారుదైనా సరే, ఒకటి.

ఆ గుంపుకి ఉన్న ఒకే ఒక కట్టుబాటు మలుపు కాయడం. దారి చీలిన చోట ఇండికేటర్ ఎడమచేత్తో నేలకేసి చూపిస్తాడు. అతని వెనకున్నవాడు అక్కడ బండి ఆపి, వచ్చేవాళ్ళకి తిరగాల్సిన దారి చూపిస్తూ నిలబడాలి. అందరూ పోయాక, చిట్టచివర పసుపు జాకెట్టుతో తోకక్క వస్తుంది. ఆవిణ్ణి చూశాకే అతను కదలాలి, ఆవిడకి ముందుగా పోవాలి. అంటే మలుపు కాసినవాడు వచ్చాడంటే, వెనకే తోకక్క వచ్చినట్టే లెక్క. మలుపులో ఎవరూ కనబడకపోతే తిన్నగా పోవాలి. ఇంతే. దీనిక్కూడా ఎవరూ ఏ కాగితమూ రాసుకోలేదు. కానీ దీన్ని ఎవరూ ఎన్నడూ తప్పలేదు.

తోకక్క స్కూలు బస్సు నడుపుతుంది. ఆవిడ పేరుకి కథ ఏమీ లేదు, మొదట్నుంచీ చివర్నే ఉంటుంది కాబట్టి తోక. పెద్దావిడ కాబట్టి అక్క. ఆమెకి ముందుండటం చేతకాక కాదు. పిల్లల్ని దించేశాక బస్సు చివరి సీటు దాకా నడిచి, ఎవడైనా నిద్రపోయి ఉన్నాడేమో వంగి చూసి గానీ ఆవిడ తాళం వెయ్యదట. ఆ అలవాటు ఆదివారాలు కూడా పోలేదు.

ఆ ఆదివారం లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర దారి చీలింది. తిన్నగా పోతే రాళ్ళ క్వారీ, కుడికి తిరిగితే రిజర్వాయరు గట్టు. ఇండికేటర్ చెయ్యి నేలకేసి చూపింది. వెనకున్నది అతనే.

ఆపాడు. స్టాండు వేసి, బండి పక్కన నిలబడి, చెయ్యి కుడివైపు చాచాడు. ఒక్కొక్కరే వచ్చారు. తాళం తలూపాడు. స్టాండు హారను మోగించి, "కొత్తా, బాగా కాయి!" అని అరిచిపోయాడు. మిగతావాళ్ళూ పోయారు. గొడుగు రాలేదు, తోకక్క రాలేదు. వస్తారు, అనుకున్నాడు.

రాలేదు.

వేబ్రిడ్జి ఆ రోజు మూసి ఉంది. దాని కిటికీ అద్దం పగిలి, అట్టముక్క అంటించి ఉంది. నీడ అంటూ లేదు. హెల్మెట్టు తీస్తే ఎండ, పెట్టుకుంటే ఉక్క. ఓ లారీ డ్రైవరు ఆపి క్వారీ ఎటని అడిగితే చూపించాడు. ఓ ముసలాయన సైకిలు మీద పోతూ, బండి చెడిందా బాబూ అని జాలిపడ్డాడు. లేదండీ, నిలబడ్డానంతే అన్నాడు. ముసలాయన దూరం పోయాక కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఫోను తీసి ఇండికేటర్‌కి చేశాడు. మోగి మోగి ఆగింది. బండి మీదున్న మనిషి సంచిలో ఫోను మోగితే వినపడుతుందా? తోకక్క నంబరు అతని దగ్గర లేదు. అడిగి తీసుకోవచ్చు, ఎప్పుడూ అడగలేదు. ఇండికేటర్ ఫోన్లో తన నంబరు ఏ పేరుతో ఉందో మాత్రం ఓసారి పొరపాటున చూశాడు. కొత్త రెండు. అంటే కొత్త ఒకటి కూడా ఉన్నాడన్నమాట. వాడేమయ్యాడో, పేరు రాలకుండానే ఎండిపోయాడో.

ఆ కొత్త రెండు అన్నది గుర్తొచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈపాటికి వాళ్ళు గట్టు మీద బెంచీల మీద కాళ్ళు చాపుకుని ఉంటారు. టీ వచ్చి ఉంటుంది. స్టాండు తన పడిపోయిన కథ మళ్ళీ మొదలెట్టి ఉంటాడు. ఒక్కడంటే ఒక్కడు, మలుపులో ఓ మనిషిని వదిలేశామే అని అనుకుని ఉంటాడా? అనుకుంటే ఎవరో ఒకరు వెనక్కి రారా? తోకక్క ఇంటికెళ్ళిపోయి ఉంటుంది, గొడుగుకి ఏదో పని పడి ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలిసే ఉంటుంది. తెలియనిది తనకొక్కడికే. తనకి చెప్పాలని ఎవరికీ తట్టి ఉండదు. మూసిన వేబ్రిడ్జి దగ్గర కాటాలా తను నిలబడి ఉన్నాడు, తూచడానికి ఏమీ లేకుండా.

ఇదంతా తనే కట్టుకున్న కథ అని అతని బుర్రలో ఓ మూల తెలుస్తూనే ఉంది. అయినా బండెక్కాడు. ముందు వెనక్కి వెళ్ళి వెతుకుదామనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ చేతులు హ్యాండిల్ని కుడివైపు తిప్పాయి. తను ఒంటరిగా గట్టెక్కేసరికి వాళ్ళ మొహాలు ఎలా మారతాయో చూడాలి. అది తప్ప ఆ క్షణంలో అతనికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

మొహాలేమీ మారలేదు. స్టాండు బెంచీ మీది తన హెల్మెట్టు తీసి, కూర్చోమన్నట్టు జరిగాడు. అంతే. తాళం, ఇంకో టీ అని కొట్టతనికి వేలు చూపించాడు. ఇండికేటర్ మాత్రం అతని భుజం మీంచి దారికేసి చూసి, "అక్క వచ్చేసినట్టేగా?" అన్నాడు.

అందరూ అతనికేసి చూశారు. నెలల తరబడి కోరుకున్న చూపులు, అన్నీ ఒక్కసారి. నెమ్మదిగా చెప్పొచ్చు, రాలేదు, నేనే వచ్చేశాను అని. కానీ ఆ చూపులు ఒక జవాబుని అడుగుతున్నాయి, ఆ జవాబేదో కూడా ముందే చెప్తున్నాయి. చీకటి గదిలో ఇది బాగుందా, ఇదా అంటే, రెండూ ఒకేలా కనబడుతున్నాయని చెప్పే ధైర్యం లేక, ఇదేనండీ అనేస్తారే జనం. సరిగ్గా అలా అన్నాడు:

"వస్తోంది, వెనకాలే."

ఆ టీ ఎలా తాగాడో తెలియదు. తేలుకుట్టిన దొంగలా దారికేసి చూడకుండా, చూడకుండా ఉండలేకుండా కూర్చున్నాడు. టీ అయింది. రెండో టీ కూడా అయింది. కబుర్లు పలచబడ్డాయి. ఇండికేటర్ లేచి గట్టు చివరిదాకా నడిచి వచ్చాడు. ఫోను చేస్తే అందలేదు. ఇక లాభం లేదు, వెళ్ళి చూద్దాం పదమని స్టాండు హెల్మెట్టు పెట్టుకుంటూ ఉండగా పసుపు జాకెట్టు కనపడింది. ముందు గొడుగు, వెనక ఆవిడ. ఇద్దరూ పిండిమిల్లులోంచి వచ్చినట్టు తెల్లటి దుమ్ములో మునిగి ఉన్నారు.

గొడుగు మోచెయ్యి గీరుకుపోయి, నెత్తురు ఎండి ఉంది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. సంగతి తోకక్క చెప్పింది. దారిలో వీడి చైను జారింది, ఎక్కించేసరికి ఆలస్యమైంది. తరవాత తిన్నగా క్వారీలోకి పోయాం, అక్కడ కంకర, వీడు పడ్డాడు, వీడి అదృష్టం బాగుండి మెల్లగా పడ్డాడు. ఆవిడ గ్లాసులో నీళ్ళు తీసుకుని చేతుల నూనె కడుక్కుంటూ, బస్సు ఎందుకు లేటయిందో చెప్పినట్టు చెప్పింది.

"తిన్నగా ఎందుకు పోయావక్కా?" అన్నాడు ఇండికేటర్. "మలుపులో మనిషి లేడా?"

తోకక్క కళ్ళజోళ్ళ మనిషికేసి చూసింది. అతను ఆ చూపుని తప్పించుకోలేదు. కాళ్ళు మాత్రం కదిపాడు.

"ఉన్నాడు. ఎండ కళ్ళల్లో కొట్టింది, నేనే చూసుకోలేదు" అంది.

అందరూ గొల్లున నవ్వారు. తోకక్కకి చత్వారం వచ్చేసిందన్నాడు స్టాండు. చేతిలో డాక్టరుండగా భయమేముంది, కొత్తా, అక్కకి ఓ జోడు పెట్టవయ్యా, సోడాబుడ్డి అద్దాలు పెట్టు అన్నాడు తాళం. మోచెయ్యి ఊదుకుంటూ గొడుగు కూడా నవ్వాడు.

అతనికి ఒళ్ళు మండిపోయింది. గండం గడిచినందుకు ఊపిరి పీల్చుకోవాల్సినవాడికి ఈ మంటేమిటో తనకే అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఇన్నాళ్ళకి ఒక్క తప్పు చేశాడు. చిన్నదీ చితకదీ కాదు, ఈ గుంపులో ఎవడూ ఇంతవరకూ చెయ్యనిది. దాన్ని కూడా ఆవిడ చేతుల నూనెతోపాటు కడిగేసింది. అతన్ని తెచ్చి మళ్ళీ మలుపులో నిలబెట్టింది, ఎవరికీ కనపడనివాడిలా. ఉన్నాడు, నేనే చూసుకోలేదు. పుట్టిందగ్గర్నుంచీ అతని గురించి లోకం అంటున్నది అదేగా.

"లేదు" అన్నాడు.

ఎవరూ వినలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు పెద్దదైంది.

"నేను అక్కడ లేను. కాసి కాసి విసుగొచ్చి వచ్చేశాను. వెనకాలే వస్తోందని చెప్పింది కూడా అబద్ధం."

నవ్వులు ఆగాయి. అతను ఎదురుచూశాడు. నిజం చెప్పాలంటే, ఆ సిగ్గులో కూడా అతని లోపల ఒకడు చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. ఇప్పుడు రాల్తుంది, స్టాండు ఏదో అంటాడు, ఏ పరారీ అనో ఇంకేదో అనో, ఎంత చెడ్డదైనా సరే. స్టాండు ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు. తాళం గొడుగు మోచేతికి జేబురుమాలు చుట్టడం మొదలెట్టాడు. "పోన్లే అన్నా, ఏం కాలేదుగా" అన్నాడు గొడుగు, చాలా మర్యాదగా. వాడు ఇంతకుముందు ఎన్నడూ అతన్ని అన్నా అనలేదు.

నవ్వుకోదగ్గ తప్పులకే అక్కడ పేర్లుంటాయని అతనికి అప్పుడు తెలిసింది.

తిరుగు ప్రయాణంలో తాళాన్ని తన వెనకుండమన్నాడు ఇండికేటర్, ఎవరి మొహంలోకీ చూడకుండా. తోకక్క హెల్మెట్టు బిగించుకుంటూ అడ్డొచ్చింది. "వాడినే ఉండనీ. ఆ మలుపు వాడిది." ఆవిడతో పెట్టుకోవడం ఎందుకన్నట్టు ఇండికేటర్ బండి స్టార్టు చేశాడు.

అలా మళ్ళీ వేబ్రిడ్జి. ఈసారి అటునుంచి వచ్చి ఎడమకి తిరగాలి. ఇండికేటర్ చెయ్యి నేలకేసి చూపింది. అతను ఆపి, నిలబడి, చెయ్యి ఎడమవైపు చాచాడు. తాళం పోయాడు. స్టాండు పోయాడు, హారను లేదు. గొడుగు కట్టుకట్టిన చెయ్యి ఎత్తబోయి, నొప్పికి దించేశాడు. కొత్తా అని కూడా ఎవరూ అనలేదు. ఉన్నదీ పోయె, అనుకున్నాడు.

తోకక్క వెంటనే రాలేదు. కావాలనే ఆలస్యం చేస్తోందా? చెయ్యి లాగుతోంది, దించలేదు. రెండోసారి కూడా కథ కట్టుకోవడానికి బుర్ర సిద్ధపడింది. వద్దు నోర్ముయ్ అన్నాడు దానితో, పైకే. అట్టముక్క అంటించిన కిటికీ తప్ప వినేవాళ్ళెవరూ లేరు.

ఆవిడ వచ్చింది. దాటిపోకుండా అతని పక్కనే ఆపి, ఇంజను కట్టేసింది.

"ఎందుకలా చెప్పారక్కా?" అన్నాడు. అడగాలనుకున్న గొంతు వేరు, వచ్చింది వేరు. నిలదీసినట్టే వచ్చింది. "నా తప్పు నాకుండనివ్వచ్చుగా."

"ఉంచుకో. ఎవరొద్దన్నారు?" అంది. "నా బస్సులో ఓసారి ఒకడు చివరి సీట్లో పడుకుండిపోయాడు. చూడకుండా తాళం వేసి వెళ్ళిపోయాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది వాడికి. అందరూ, వాడు నిద్రపోకుండా ఉండాల్సింది అన్నారు." ఆగింది. "ఇందాక నువ్వు ఎంతసేపు నిలబడ్డావు?"

"చాలాసేపు."

"ఎవరూ రాలేదు?"

"ఎవరూ."

"ఊఁ" అంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నీ తప్పేం లేదు అనలేదు, వాళ్ళదే తప్పనీ అనలేదు. హెల్మెట్టు అద్దం మీది దుమ్ము బొటనవేలితో తుడుచుకుని, అందులోంచి అతని మొహంలోకి కాసేపు చూసింది. అద్దాల వెనక కళ్ళని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నవాడు, ఆ కళ్ళు తన మీదే ఆనాయని పోల్చుకోగలిగాడు.

"నీ పేరేంటి?" అంది.

"ఏ పేరు?"

"ఇంట్లో పిలిచేది. మీ అమ్మ పెట్టింది."

చెప్పాడు. ఆవిడ దాన్ని ఓసారి పైకి అనుకుంది, వరసలో పిల్లాడి పేరు పిలిచి వాడు ఉన్నాడో లేడో చూసుకున్నట్టు. మళ్ళీ ఆ పేరుతోనే, పద, నువ్వు ముందు, అంది.

అతను హెల్మెట్టు తొడుక్కున్నాడు. సంతోషించాలి కాబోలు. ఇన్ని నెలలు, ఇన్ని ఆదివారాలు, ఇంత ఎండ, గొడుగు మోచెయ్యి, అన్నీ కలిసి చివరికి అతని చేతిలో పెట్టింది ఆ పేరు. అది అతనికి ముందునుంచీ ఉన్నదే. దాన్ని తెచ్చుకోవడానికి ఇంత దూరం రావాలా అని తిట్టుకుంటూ స్టాండు ఎత్తాడు. ఎత్తాడో లేదో మళ్ళీ ఓసారి వంగి చూసుకున్నాడు.

తరవాత కదిలాడు. అద్దంలో పసుపు జాకెట్టు, ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా, వెనకాలే వస్తోంది.